షేన్ మెక్‌గవన్ ట్రిబ్యూట్ కాన్సర్ట్‌కి వెళ్తున్నా, ముందుగా ఏం విని వెళ్లాలి?

లిఫీ_గట్టు

అందరికీ నమస్తే. నేను డబ్లిన్ వచ్చి రెండేళ్లు దాటింది, ఒక వేర్‌హౌస్‌లో పని. మా షిఫ్ట్‌లో మేయో కౌంటీ పెద్దాయన ఒకరున్నారు, ఇంకో ఏడాదిలో రిటైర్ అవుతారు. నేను చేరిన మొదటి వారం నుంచి పని నేర్పింది, ఇక్కడివాళ్ల యాస అర్థం కాక బిక్కమొహం వేస్తే పక్కన నిలబడి నెమ్మదిగా విడమర్చి చెప్పింది ఆయనే. 1980ల్లో కుర్రాడిగా ఉన్నప్పుడు లండన్‌కి కూలి పనికి వెళ్లారట, రోడ్డు పగలగొట్టే మెషిన్ మీద ఏళ్ల తరబడి పని చేసి ఎడమ చెవి పూర్తిగా పోగొట్టుకున్నారు, కుడి చెవి కూడా అంతంత మాత్రమే. ఎక్కడ కూర్చున్నా ఎడమ వైపు గోడ ఉండేలా చూసుకుంటారు, మనుషులంతా కుడి వైపు ఉండాలని.

పోగ్స్ అనే బ్యాండ్‌లో పాటలు రాసి పాడిన షేన్ మెక్‌గవన్ అంటే ఆయన ప్రాణం పెడతారు. వచ్చే శనివారం ఇక్కడ ఒక చిన్న హాల్లో షేన్ జ్ఞాపకార్థం కచేరీ ఉంది, చాలామంది గాయకులు తలో పాట పాడతారట. రెండు టికెట్లు కొన్నారు, ఒక్కోటి 40 యూరోలు, నా వాటా ఇస్తానంటే తీసుకోలేదు. "పాటలన్నీ నాకు కంఠతా వచ్చు, పాటకీ పాటకీ మధ్య స్టేజీ మీద వాళ్లు ఏం మాట్లాడతారో అదొక్కటీ వినపడదు, నా కుడి పక్కన కూర్చుని చెప్తావా" అని అడిగారు. ఒప్పుకున్నా. ఒప్పుకున్న దగ్గర్నుంచి టెన్షన్.

క్రిస్మస్‌కి షాపుల్లో మోగే 'ఫెయిరీటేల్ ఆఫ్ న్యూయార్క్' అనే ఆ ఒక్క పాట తప్ప ఆయనవి నాకేమీ తెలియవు. రెండు మూడు పెట్టి చూశా, మాట ముద్దగా ఉంది, సగం అర్థం కాలేదు. వారం రోజుల్లో ఏవి వింటే కచేరీలో నాకు కాస్త పట్టు దొరుకుతుంది? అక్కడ లేచి గంతులేస్తారా, కూర్చుని వింటారా? ఇంకో విషయం, నేను తాగను. ఈయన పాటల కచేరీ అంటే చేతిలో గ్లాసు లేకపోతే బాగుండదేమో అని ఒకరన్నారు, నిజమేనా?

కార్క్_కృష్ణ

తమ్ముడూ, ముందు ఆ ముద్ద మాట సంగతి. అర్థం కాకపోవడం నీ తప్పు కాదు, ఇక్కడ పుట్టినవాళ్లకే అన్ని మాటలూ అందవు. అందుకే నా సలహా, పాట వినే ముందు దాని సాహిత్యం ఎదురుగా పెట్టుకుని ఒకసారి పూర్తిగా చదువు, తర్వాతే విను. షేన్ అంటే అందరూ తాగుడు, ఊడిపోయిన పళ్లు, స్టేజీ మీద తూలడం, ఇవే చెప్తారు. నాకది వింటే బాధేస్తుంది. ఆయన మొదట రాసే మనిషి, ఆ తర్వాతే పాడే మనిషి.

పుట్టింది 1957 డిసెంబర్ 25న, ఐర్లాండ్‌లో కాదు, ఇంగ్లండ్‌లోని కెంట్‌లో, ఐరిష్ తల్లిదండ్రులకి. చిన్నతనంలో కొన్నేళ్లు టిప్పరరీలో అమ్మ వాళ్ల ఇంట్లో పెరిగాడు, వచ్చేపోయే జనంతో, పాటతో, ఆటతో నిండిన ఇల్లది. అక్కణ్ణుంచి మళ్లీ ఇంగ్లండ్. బాగా రాస్తాడని వెస్ట్‌మిన్‌స్టర్ స్కూల్లో స్కాలర్‌షిప్ మీద సీటొచ్చింది, డ్రగ్స్ దొరికాయని వాళ్లే పంపించేశారు. అప్పటికి లండన్‌లో పంక్ అనే మొరటు, వేగం రాక్ సంగీతం మొదలవుతోంది, అందులో పడ్డాడు. 1982లో కింగ్స్ క్రాస్ ప్రాంతంలో నలుగురు కలిసి పెట్టిన బ్యాండే పోగ్స్. మొదటి పేరు పోగ్ మహోన్, ఐరిష్ భాషలో అదొక బూతు తిట్టు, రేడియోలో చదవడానికి ఇబ్బందిగా ఉండటంతో కుదించుకున్నారు.

వాళ్లు చేసిందేమిటంటే, టిన్ విజిల్, బాంజో, అకార్డియన్ లాంటి పాతకాలపు పల్లె వాయిద్యాలు తీసుకుని పంక్ వేగంతో, పంక్ కోపంతో వాయించడం. అందరూ ఉద్దండులేం కాదు. అకార్డియన్ పట్టుకున్న జేమ్స్ ఫియర్న్‌లీ అసలు గిటారిస్టు, బ్యాండ్ కోసమే అది నేర్చుకున్నాడు. విజిల్ ఊదే స్పైడర్ స్టేసీ తొలి రోజుల్లో బీరు గ్లాసులు తెచ్చే రేకు ట్రే తీసుకుని తాళానికి తగ్గట్టు తలకేసి కొట్టుకునేవాడు, అదీ ఒక వాయిద్యమే అన్నట్టు. పెద్దవాళ్లలో కొందరు ఇదేం పాడు పని, మన సంగీతాన్ని తాగుబోతుల గోల చేస్తున్నారని తిట్టారు. తర్వాత ఆ పెద్దల్లోనే అందరికంటే పెద్దలైన డబ్లినర్స్ బ్యాండ్ వాళ్లు 1987లో వీళ్లతో కలిసి 'ది ఐరిష్ రోవర్' పాడారు. అది ఇక్కడ పాటల అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది, ఆ తర్వాత తిట్లు తగ్గాయి.

వారంలో అన్నీ వినలేవు. మూడు చాలు.

ఒకటి, 'ది ఓల్డ్ మెయిన్ డ్రాగ్'. పదహారేళ్ల కుర్రాడు జేబులో కొద్దిపాటి డబ్బుతో లండన్ వస్తాడు, కొన్నేళ్లలో ఆ నగరం వాణ్ణి ఏం చేసిందో వాడే చెప్తాడు. పిక్కడిల్లీ చుట్టుపక్కల ఒళ్లమ్ముకోవడం, పోలీసుల దెబ్బలు, మాత్రలు, ఏదీ దాచడు. జాలి చూపించమని అడగడు కూడా.

రెండు, 'ఎ రైనీ నైట్ ఇన్ సోహో', 1986లో వచ్చింది. ఇది ప్రేమ పాట. తుఫానులూ స్నేహితుల చావులూ దాటొచ్చిన మనిషి తనతో ఇన్నాళ్లూ నడిచినవాళ్ల గురించి పాడతాడు.

మూడోది నీకు ముఖ్యం, 'ఎ పెయిర్ ఆఫ్ బ్రౌన్ ఐస్'. 1985 ఆల్బమ్‌లోది, ఎల్విస్ కాస్టెల్లో ప్రొడ్యూస్ చేశాడు. ఒక కుర్రాడు మనసు బాగాలేక పబ్బులో ఒంటరిగా తాగుతుంటాడు, జ్యూక్‌బాక్స్‌లో జానీ క్యాష్ పాట. పక్కనే ఒక ముసలాయన కూర్చుని తన యుద్ధం కథ మొదలుపెడతాడు, చుట్టూ తెగిపడ్డ కాళ్లూ చేతులూ, వాటి మధ్య పడి బతకడం, ఇంటికొస్తే ఎదురుచూస్తుందనుకున్న కళ్లు అక్కడ లేకపోవడం. కుర్రాడికి విసుగొస్తుంది, ఆ ముసలాయన మీద అసహ్యం కూడా పుడుతుంది, లేచి బయటికి పోతాడు. కాలవగట్టున తూలుకుంటూ నడుస్తుంటే వాడి నోట్లో వచ్చేది ఆ ముసలాయన పల్లవే. పాటలో మలుపు అంతే, దాన్ని ఎక్కడా విప్పి చెప్పడు. బాణీ కూడా 'వైల్డ్ మౌంటెన్ థైమ్' అనే పాత పాట నీడలో నడుస్తుంది, అంటే తరాల నుంచి చేతులు మారుతూ వచ్చిన బాణీలోనే ఒక తరం బాధ ఇంకో తరానికి చేరడం గురించి రాశాడు. ఐదు నిమిషాల పాటలో ఇంత ఇమిడ్చిన మనిషిని తాగుబోతు అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఒప్పుకోను.

బ్రమ్_డాక్టర్

నేనుండేది బర్మింగ్‌హామ్‌లో. కృష్ణ గారు పాటల గురించి బాగా చెప్పారు, నేనొక పక్క కథ చెప్తాను, మీ పెద్దాయన్ని అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది.

1974 నవంబర్ 21న ఈ ఊళ్లో రెండు పబ్బుల్లో బాంబులు పేలి 21 మంది చనిపోయారు. ఐరిష్ సాయుధ దళం ఐఆర్ఏ పనేనన్న కోపంలో ఆరుగురు ఐరిష్ మనుషుల్ని పట్టుకుని, కొట్టి ఒప్పించి, యావజ్జీవం వేశారు. వాళ్లు చేయలేదు. ఆ మాట కోర్టు ఒప్పుకుని వదిలేసరికి 1991 మార్చి అయింది, పదహారేళ్లు పోయాయి. మధ్యలో ఆ ఏళ్లన్నీ ఇంగ్లండ్‌లో ఐరిష్ యాసతో నోరు విప్పడమే ఒక పరీక్ష. నా పాత పేషెంట్లలో ఆ కాలంలో ఇక్కడ బతికినవాళ్లు ఉన్నారు, బస్సులో గట్టిగా మాట్లాడేవాళ్లం కాదు డాక్టర్ అని ఇప్పటికీ గొంతు తగ్గించే చెప్తారు.

అలాంటి రోజుల్లో లండన్ నడిబొడ్డున ఒక బ్యాండ్ లేచి, మేము ఐరిష్ అని ఎనిమిది వాయిద్యాలతో అరిచింది. 1988 ఆల్బమ్‌లో ఆ ఆరుగురూ అమాయకులని పేరు పెట్టి పాడారు, వాళ్లింకా జైల్లో ఉండగానే. బ్రిటన్‌లో ప్రసారాల నియంత్రణ సంస్థ ఆ పాటని నిషేధించింది. మూడేళ్లకి వాళ్లు బయటికొచ్చారు. పాట వల్లే బయటికొచ్చారని నేను అనను, లాయర్లూ జర్నలిస్టులూ ఏళ్ల తరబడి కష్టపడ్డారు, కానీ అంతా నోరు మూసుకున్న రోజున అన్నారు కదా, అది లెక్కలోకి వస్తుంది.

మీ పెద్దాయన ఆ లండన్‌లో డ్రిల్లింగ్ మెషిన్ పట్టుకున్న కుర్రాడు. ఆయన ఆ పాటల్ని ఊరికే కంఠతా పట్టి ఉండరు.

గాల్వే_గాలి

నన్ను తిట్టుకోకండి, మనసులో మాట చెప్తున్నా. ట్రిబ్యూట్ కాన్సర్ట్‌లంటే నాకు మనసొప్పదు. ఆ పాటలకి ప్రాణం ఆ గొంతే, ఆ గరగర, పళ్ల సందుల్లోంచి వచ్చే ఆ నవ్వు లాంటి చప్పుడు. ఒక్కొక్కరు వచ్చి శుభ్రంగా, శ్రుతి తప్పకుండా పాడుతుంటే కడిగి ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంటుంది. రెండు చోట్లకి వెళ్లా, రెండు చోట్లా సగంలో లేచి వచ్చేశా. వెళ్లొద్దని కాదు, పెద్దాయన పిలిచారు కాబట్టి తప్పకుండా వెళ్లు. కానీ ముందు అసలు గొంతు కడుపునిండా విని వెళ్లు, లేకపోతే అక్కడ విన్నదే షేన్ అనుకుంటావు.

కార్క్_కృష్ణ

గాలి గారూ, మీ మాటలో సగం నిజం ఉంది. ఇంకో సగానికి నా జవాబు 2018. ఆ ఏడాది జనవరి 15న డబ్లిన్ నేషనల్ కాన్సర్ట్ హాల్లో ఆయన అరవయ్యో పుట్టినరోజుకి పెద్ద కచేరీ పెట్టారు. బోనో, నిక్ కేవ్, షినేడ్ ఓ'కానర్, గ్లెన్ హాన్సర్డ్, ఇంకా బోలెడుమంది, పాత పోగ్స్‌లో కొందరు. అప్పటికి 2015లో పడి నడుము దగ్గర ఎముక విరగడంతో షేన్ వీల్‌చెయిర్‌లో ఉన్నాడు. దేశాధ్యక్షుడు మైకేల్ డి. హిగ్గిన్స్ స్వయంగా వచ్చి జీవన సాఫల్య పురస్కారం చేతికిచ్చారు. చివర్లో షేన్‌ని స్టేజీ మీదకి తెచ్చారు, నిక్ కేవ్ పక్కన కూర్చుని 'సమ్మర్ ఇన్ సయామ్' పాడాడు.

నాకు టికెట్ దొరకలేదు, తర్వాత రికార్డింగులు విన్నా. అప్పటిదాకా ఆయన గొంతులో వందసార్లు విన్న పాటల్లో నాకు అందని పాదాలు, వేరేవాళ్లు పాడితే మొదటిసారి అందాయి. ఇన్నేళ్లూ ఈ మాట ఇక్కడుందా అనిపించింది. ఆయన గొంతు పాటకి ఊపిరి పోసింది నిజమే, అదే గొంతు రాతని కొంత కప్పేసింది కూడా. గాయకుడు లేకుండా కూడా పాట నిలబడుతుందా లేదా అన్నది ఇలాంటి చోటే తేలుతుంది, షేన్ పాటలు నిలబడతాయి. నిలబడకపోతే ఇన్నిసార్లు ఇంతమంది పాడలేరు.

అన్నట్టు, తమ్ముడూ, ఒక జాగ్రత్త. ఈ కచేరీల్లో ఆయన రాయనివి కూడా వస్తాయి. 'డర్టీ ఓల్డ్ టౌన్' అంటే అందరూ డబ్లిన్ అనుకుంటారు, అది ఇంగ్లండ్‌లోని సాల్ఫర్డ్ మీద ఇవాన్ మెకాల్ రాసింది. అమెరికా వెళ్లిన వలస జనం మీద వచ్చే 'థౌజండ్స్ ఆర్ సెయిలింగ్' బ్యాండ్‌లో గిటారిస్టు ఫిలిప్ షెవ్రాన్ రాశాడు, ఆయన 2013లో పోయాడు. పెద్దాయన ముందు ఇవి షేన్ రాశాడని అనకు, చిన్నబుచ్చుకుంటారు.

నీనా_అక్క

నేను నీనాలో ఉంటాను, టిప్పరరీలో, నర్సుని. ఇది చిన్న ఊరు. 2023 నవంబర్ 30న ఆయన పోయారు, డిసెంబర్ 8న అంత్యక్రియలు మా ఊరి సెయింట్ మేరీ ఆఫ్ ద రోజరీ చర్చిలోనే జరిగాయి. పొద్దున డబ్లిన్ వీధుల్లో గుర్రపు బండిలో శవపేటిక, దాని మీద ఐరిష్ జెండా, రోడ్డుకి రెండు వైపులా జనం పాడుతూ నిలబడ్డారు. సాయంత్రానికి ఇక్కడికి తెచ్చారు.

నాకు ఆ రోజు డ్యూటీ. రెస్ట్ రూమ్‌లో నలుగురం ఒక ఫోన్‌ని టీ డబ్బాకి ఆనించి పెట్టుకుని లైవ్ చూశాం. నిక్ కేవ్ పియానో ముందు కూర్చుని ఆ సోహో పాట పాడాడు, ఎవరం మాట్లాడలేదు. తర్వాత గ్లెన్ హాన్సర్డ్, లీసా ఓ'నీల్ కలిసి ఆ క్రిస్మస్ పాట అందుకున్నారు. పూజ జరిగే చోట, శవపేటిక పక్కన, ఆ ఇంటివాళ్లే లేచి డాన్స్ చేశారు. నాకు ఒక్క క్షణం ఊపిరాడలేదు, చర్చిలో, చావు దగ్గర, ఇదేంటి అనుకున్నా. పక్కనున్న ఐరిష్ సిస్టర్ ఏడుస్తూనే కాలితో నేల మీద తాళం వేస్తోంది. ఆమె వేసిన తాళం చూశాకే నాకు అర్థమైంది.

కూర్చోవాలా గంతులేయాలా అని అడిగావు కదా తమ్ముడూ. పక్కవాళ్లని చూడు, సరిపోతుంది. వేగం పాటకి నీ మోకాలే ముందు లేస్తుంది. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. ఎవరైనా వాయిద్యాలు లేకుండా ఒంటి గొంతుతో మెల్లగా మొదలుపెడితే అప్పుడు ఒక్క మాట కూడా వద్దు, ఫోన్ కూడా తీయొద్దు. ఎవరైనా మాట్లాడితే పక్కవాళ్లు "విష్ట్" అంటారు, నోరు మూయమని. పబ్బులో గోలగోలగా ఉన్న జనం కూడా ఆ పాటకి ఒక్క దెబ్బతో సద్దుమణుగుతారు, ఈ దేశంలో నాకు అన్నిటికంటే నచ్చిన మర్యాద అది.

తాగుడు గురించి. గ్లాసు లేకపోతే ఎవరూ ఏమీ అనుకోరు. నేను వార్డులో రోజూ లివర్ పోయినవాళ్లని చూస్తా, షేన్ పేరు చెప్పి తాగడాన్ని గొప్పగా చెప్పేవాళ్లంటే నాకు కోపం. షినేడ్ ఓ'కానర్ ఆయన హెరాయిన్ తీసుకుంటున్నాడని తనే పోలీసులకి చెప్పింది, బతకాలని. అప్పుడు ఆయనకి మండింది, తర్వాత ఆ అలవాటు మానడానికి అదే దారి చూపిందని ఒప్పుకున్నాడు. స్నేహం అంటే నాకు ఆవిడ చేసిన పనే గుర్తొస్తుంది. ఆవిడా షేన్ పోయిన ఏడాదే, జులైలో పోయింది.

లిఫీ_గట్టు

అక్కా, అన్నా, డాక్టర్ గారూ, అందరికీ థాంక్స్. మూడు పాటలూ రాత పెట్టుకుని విన్నా, బ్రౌన్ ఐస్ అయితే బస్సులో రోజూ వింటున్నా. గాలి గారూ, మీరు చెప్పిన ఆ గరగర ఇప్పుడు నాకూ అలవాటైంది. ఒక్క సందేహం మిగిలింది. క్రిస్మస్ పాటలో ఆమె అతన్ని తిట్టే చోట ఒక మాట ఉంది, గే వాళ్లని కించపరిచే మాట. హాలంతా గొంతు కలిపితే అప్పుడు నేనేం చేయాలి? మా షిఫ్ట్‌లో నా స్నేహితుడొకడు గే, వాడికి ఆ మాట వింటే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

కార్క్_కృష్ణ

అడిగావు, సంతోషం. దీని మీద ఏటా డిసెంబర్‌లో గొడవే. 2007లో బీబీసీ రేడియో 1 ఆ మాట మూసేసి వేసింది, శ్రోతలు మండిపడితే అదే రోజు వెనక్కి తీసుకుంది. 2020లో మళ్లీ మార్చిన వెర్షన్ వేసింది. షేన్ 2018లో చెప్పింది ఏంటంటే, ఆ మాట పాటలోని మనిషిది, ఆమె మంచిది అని చూపించాలనుకోలేదు, ఆమె కాలానికీ బతుక్కీ తగ్గట్టు మాట్లాడుతుంది, అయినా ఎవరైనా దాన్ని మూసేసి వినిపిస్తే తనకేం అభ్యంతరం లేదు అని. ఆ భాగం పాడిన కర్స్టీ మెకాల్ కూడా 1992లో టీవీలో పాడినప్పుడు ఆ మాట మార్చేసింది. కర్స్టీ 2000 డిసెంబర్‌లో మెక్సికోలో సముద్రంలో ఈదుతుంటే మోటారు పడవ తగిలి పోయింది, 41 ఏళ్లకే. ఇందాక చెప్పిన ఇవాన్ మెకాల్ కూతురే ఆమె. రాసినవాడూ పాడినామె ఇద్దరూ పట్టుబట్టని మాట కోసం మనం పట్టుబట్టడం ఎందుకు? ఆ ఒక్క చోట నోరు మూసుకో, తర్వాతి పాదం అందుకో. ఇప్పుడు చాలామంది గాయకులు మార్చే పాడుతున్నారు.

ఆ పాట ఎలా తయారైందో తెలిస్తే ఇంకా ఇష్టం కలుగుతుంది. బాంజో వాయించే జెమ్ ఫైనర్‌తో కలిసి షేన్ రాశాడు, ఏళ్లు పట్టింది. ఆడ గొంతు మొదట బ్యాండ్‌లోని కేట్ ఓ'రియోర్డన్ కోసం అనుకున్నారు, ఆమె 1986లో వెళ్లిపోయింది. ప్రొడ్యూసర్ స్టీవ్ లిల్లీవైట్ టేపు ఇంటికి తీసుకెళ్లి భార్య కర్స్టీ చేత ఊరికే నమూనాకి పాడించి తెచ్చాడు, అది విన్నాక ఇంకో గొంతు వెతకాల్సిన పని లేకపోయింది. 1987 క్రిస్మస్‌కి బ్రిటన్‌లో రెండో స్థానం, ఇక్కడ మొదటి స్థానం.

లిఫీ_గట్టు

వెళ్లొచ్చాం. నిన్న రాత్రి. నిద్ర పట్టక ఇప్పుడు రాస్తున్నా.

బాల్కనీలో మొదటి వరస, ఎడమ చివర, గోడ పక్కన ఆయన, కుడి పక్కన నేను. నలుపు కోటు వేసుకుని, బూట్లు తుడుచుకుని వచ్చారు, నేను వేర్‌హౌస్ జాకెట్‌తోనే వెళ్లినందుకు సిగ్గేసింది. మొదటి గంట నేను నా డ్యూటీ బాగానే చేశా. ప్రతి పాటకి ముందు గాయకులు చెప్పింది ఆయన చెవి దగ్గర మళ్లీ చెప్పడం, ఆయన తలూపడం. ఒకావిడ పాడే ముందు, ఇది ఇంగ్లండ్ వెళ్లి తిరిగి రాలేకపోయినవాళ్ల కోసం అంది. అది చెప్పాక ఆయన చాలాసేపు నా వైపు చూడలేదు.

వేగం పాటలు వచ్చినప్పుడు కింద జనం అంతా లేచారు. ఆయన లేవలేదు, ఎదురుగా ఉన్న చెక్క రెయిలింగ్ మీద రెండు అరచేతులూ ఆనించి కళ్లు మూసుకున్నారు. ఎందుకో అర్థం కాక నేనూ ఆనించా. డ్రమ్ దెబ్బ మొత్తం చెక్కలోంచి చేతుల్లోకి వస్తోంది, ముంజేతి దాకా. ఆయన వింటున్నది అలాగన్నమాట. ఒక పాట మొత్తం చెవులతో కాకుండా చేతులతోనే విన్నా.

అక్కా, మీరు చెప్పినట్టే ఒకతను వాయిద్యాలు లేకుండా మొదలుపెట్టాడు, హాలు గుక్క పట్టినట్టు ఆగిపోయింది. అది బ్రౌన్ ఐస్. నాకు చెప్పాల్సిన పని లేదు, మాటలు కాదుగా, పాట. అయితే ఆయన నా చొక్కా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి, గాయకుడు పాడటానికి ఒక్క క్షణం ముందు ప్రతి పాదాన్నీ నా చెవిలో చెప్పడం మొదలుపెట్టారు. పాడటం కాదు, చెప్పడం. అంత మెల్లగా అంటే నాకు తప్ప ఇంకెవరికీ వినపడి ఉండదు. నేను సాహిత్యం అంతా చదివే వచ్చానని చెప్పాలనిపించింది, చెప్పలేదు. గాలి గారూ, గాయకుడి గొంతు బాగుందో లేదో మాత్రం నన్నడక్కండి, నేను విన్నది ఈయన గొంతే.

ట్రామ్‌లో వస్తుంటే అడిగా, లండన్‌లో వాళ్లని ఎప్పుడైనా చూశారా అని. ఒక్కసారి, 1985లో, పని నుంచి నేరుగా వెళ్లాను, బూట్లకి సిమెంటు ఉంది, లోపల చూస్తే సగం మంది బూట్లకి సిమెంటే అన్నారు.

ఇప్పుడు నాకు ఒక సాయం కావాలి. ఆ ఏడాది లండన్‌లో కొన్న క్యాసెట్ ఆయన దగ్గర ఇంకా ఉందట, సోమవారం తెచ్చి ఇస్తానన్నారు, వారం ఉంచుకోమన్నారు. నా దగ్గర వాయించేది ఏమీ లేదు, ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుందో కూడా తెలియదు. డబ్లిన్‌లో ఎవరి దగ్గరైనా క్యాసెట్ ప్లేయర్ ఉందా? టేపు నలగకుండా మంచిది కావాలి, పాడైతే మళ్లీ ఆయన మొహం చూడలేను.

గాల్వే_గాలి

నా దగ్గర ఒకటుంది తమ్ముడూ. హెడ్ శుభ్రం చేసే ఉంచుతా, రెండు బ్యాటరీలు మార్చాలంతే. బుధవారం పని మీద డబ్లిన్ వస్తున్నా, హ్యూస్టన్ స్టేషన్‌లో దిగుతా. ఏ టైముకి రాగలవో మెసేజ్ పెట్టు. వీలైతే టేపు కూడా పట్టుకురా, ముందు వేరే పాత టేపు ఒకటి వేసి చూసి, బాగా తిరుగుతుందని తేలాకే అది పెడదాం.